రొయ్యకి నాలుగు పూటలు, నాకు ఒక్కటే

ఉదయం ఆరింటికి మొదటి మేత. పదింటికి రెండోది, మధ్యాహ్నం రెండింటికి మూడోది, సాయంత్రం ఆరింటికి నాలుగోది. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే ఎత్తి చూడాలి. ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట కోత, ఖాళీగా ఉంటే కాస్త పెంపు. మబ్బు పట్టినా, నీళ్లలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, తగ్గినా, అమావాస్యకో పౌర్ణమికో రొయ్య కుబుసం విడిచినా తగ్గించే వేయాలి. ఫీడ్ బస్తా మీద ప్రోటీన్ శాతం అచ్చేసి ఉంటుంది. నేను వాడేది 35 శాతంది. ఇవన్నీ పన్నెండేళ్లుగా ఒక పొడవాటి పుస్తకంలో రాస్తున్నాను. రొయ్య ఏ పూట ఎంత తిందో, తిన్నదాంట్లో ఎంత ఒంటికి పట్టిందో చెప్పమంటే చెబుతాను. "నిన్న నువ్వేం తిన్నావురా?" అని మా పీఈటీ మాస్టారు అడిగినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు.

మాది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర పల్లె. తొమ్మిదెకరాల్లో మూడు చెరువులు, వెనామీ రకం రొయ్యల సాగు. నాన్నకి ఇరవై ఏళ్లుగా షుగరు. నాకు 38 వచ్చేసరికి 78 కేజీలయ్యాను, పరగడుపు షుగరు గీత దగ్గరికొచ్చి నిలబడింది. పోయినేడు ఫిబ్రవరిలో కాలవ గట్టు మీద నడక మొదలెట్టాను. నడక పరుగైంది. మా వైపు పరిగెత్తడానికి హాయిగానే ఉంటుంది. కాలవ, గట్టు, కొబ్బరిచెట్లు, ఎంత దూరం చూసినా బల్లపరుపు. ఎత్తు ఎక్కాలంటే రైల్వే ఓవర్ బ్రిడ్జి వెతుక్కుని వెళ్లాలి. జూన్‌కల్లా 71 కేజీలకి దిగాను, పది కిలోమీటర్లు 62 నిమిషాల్లో పూర్తిచేశాను. ఆ ఊపులో డిసెంబరులో విశాఖ బీచ్ రోడ్డు మీద 21 కిలోమీటర్ల పరుగుకి పేరు ఇచ్చేశాను. వారంలో నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు భీమవరంలో జిమ్ము అనుకున్నాను.

ఆగస్టుకొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. బరువు 66న్నరకి పడింది. తగ్గడం మంచిదేగా అనుకున్నాను గానీ, తగ్గింది పొట్ట కాదు, తొడలు. లుంగీలో ఉన్నంతసేపు తెలియలేదు, నిక్కరు వేసుకుంటే మా ఆవిడే నవ్వింది. పది కిలోమీటర్లకి 67 నిమిషాలు పడుతోంది. మధ్యాహ్నం అన్నం తిని షెడ్డులో కూర్చుంటే చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు హోరుమంటున్నా నిద్ర ముంచుకొచ్చేది. నెలలో రెండుసార్లు జలుబు. ఊళ్లో ఎదురైనవాళ్లందరూ "షుగరొచ్చిందంటగా" అని పరామర్శించడం మొదలెట్టారు. మా వైపు మనిషి చిక్కితే అడగకుండానే జబ్బు పేరు కూడా వాళ్లే పెట్టేస్తారు.

మా మేనమామ పందెం పుంజుల్ని పెంచుతాడు. పందేలు నిషేధం కదా మావయ్యా అంటే "నాది పెంపకం వరకేరా" అంటాడు. ఆ పుంజులకి ఉడికించిన గుడ్డు, మటన్ కీమా, నానబెట్టిన బాదంపప్పు, చోళ్లు, సజ్జలు, ఏ పూటకి ఏది పెట్టాలో అన్నీ ఆయనకి నోటికొచ్చు. ఈత కొట్టించిన పూట ఒకటి పెడతాడు, విశ్రాంతి పూట ఇంకొకటి. నన్ను చూసి తల ఊపి, "అల్లుడూ, నా పుంజుకి పెట్టే తిండి నువ్వు తినట్లేదు. దానికన్నా ఎక్కువ పరిగెడుతున్నావు" అన్నాడు. నవ్వేశాను. ఆ రాత్రి నవ్వు రాలేదు.

మర్నాడు మాస్టారింటికి వెళ్లాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు, ఒకప్పుడు మాకు కబడ్డీ నేర్పింది ఆయనే. నేను నిన్న తిన్నది చెప్పలేకపోయాక, "మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాయి. మేత పుస్తకంలోనే వెనక పేజీల్లో రాయి. కొత్త పుస్తకం కొంటే రెండ్రోజుల్లో పారేస్తావు" అన్నారు.

రాశాను. ఐదింటికి కాఫీ. పరుగు. ఏడున్నరకి మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. తర్వాత చెరువుల మీదే. రెండింటికి కంచం నిండా అన్నం, వంకాయో బెండకాయో, పప్పుచారు, పెరుగు. ఐదింటికి టీ, మిరపకాయ బజ్జీ. రాత్రి తొమ్మిదిన్నరకి చేపల పులుసుతో అన్నం, మళ్లీ పెరుగు.

మాస్టారి దగ్గర జాతీయ పోషకాహార సంస్థవాళ్ల పట్టికలున్నాయి. పక్కన కూర్చుని లెక్క కట్టాం. పాలు 100 మిల్లీలీటర్లకి 3 గ్రాముల పైచిలుకు ప్రోటీన్. ఇడ్లీ ఒకటికి 2. బియ్యం 100 గ్రాములకి 7. గుడ్డుకి 6. శీలావతి చేప ముక్కలు రెండు వేసుకుంటే 20. మొత్తం కూడితే నీచు తిన్న రోజున 62 గ్రాములొచ్చింది. అందులో 30 రాత్రి భోజనానిదే. పొద్దున కాఫీ, ఇడ్లీ కలిపి 10 మించలేదు. సోమవారం, శనివారం మా ఇంట్లో నీచు ఉండదు. ఆ రోజుల్లో రోజంతా కలిపి 42.

ఏ వ్యాయామమూ చేయని మామూలు మనిషికే బరువులో కేజీకి 0.83 గ్రాములు కావాలని ఆ సంస్థ చెబుతోంది. 70 కేజీలకి 58 అన్నమాట. సాధన చేసేవాళ్లకి కేజీకి 1.4 నుంచి 2 గ్రాముల వరకూ క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. అంటే నాకు కనీసం 98 రావాలి. వారానికి 45 కిలోమీటర్లు పరిగెడుతూ, బరువులెత్తుతూ, ఇంట్లో కూర్చునే మనిషికి కావలసినంత కూడా నేను వారంలో రెండు రోజులు తినట్లేదు.

"నీ చెరువులో రొయ్యకి మూడు పూటలు పస్తు పెట్టి సాయంత్రం ఒక్కసారే బస్తా గుమ్మరిస్తావా?" అన్నారు మాస్టారు. అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఆ వేడిలో నేను చేసిన మొదటి పని తప్పు పని. జిమ్ములో ఒక కుర్రాడు, "అన్నా, వర్కవుట్ అయిన అరగంటలో ప్రోటీన్ పడకపోతే చేసిందంతా వేస్టే" అని ఒక ప్రోటీన్ పొడి డబ్బా అంటగట్టాడు. నేనది వేదవాక్కు అనుకున్నాను. జిమ్ము నుంచి మా ఊరికి బండి మీద ముప్పై ఐదు నిమిషాలు. అందుకని షేకర్‌లో పొడి వేసుకుని వెళ్లడం, సందు చివర కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా నిలబడి తాగడం. గట్టు మీద పరుగైతే బండి డిక్కీలో షేకరు, చేతికి వాచీ. ఒకరోజు దార్లో టైరు పంక్చరైతే టైరు గురించి కాదు, అరగంట దాటిపోతోందని బెంగ. పైగా రెండు స్పూన్లు ఒకేసారి తాగేసరికి కడుపు డప్పులా ఉబ్బేది. ఆ పొడిలో ఉండే పాలచక్కెర అందరికీ ఒకేలా అరగదు, నాకు ఆ మోతాదులో అరగలేదు.

మాస్టారు కసిరారు. అరగంట తలుపు మూసుకుపోతుందన్న మాటని తర్వాతి పరిశోధనలు నిలబెట్టలేదు. బాగా కష్టపడ్డ కండ ఇంచుమించు ఒక రోజంతా ముడిసరుకు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ముందు చూసుకోవాల్సింది రోజు మొత్తం ఎంత అందిందన్నది. తర్వాతది, దాన్ని మూడు నాలుగు పూటలకి సర్దామా లేదా అన్నది. పూటకి 20 నుంచి 35 గ్రాములు, మూడు నాలుగు గంటల ఎడం ఉంటే నాలాంటివాడికి చాలు. అలాగని రాత్రి ఒక్కసారే తిన్నదంతా నీళ్లలో పోసినట్టూ కాదు, నిదానంగా అరిగి కొంత వాడకానికి వస్తుంది. కాకపోతే పొద్దుటి నుంచి రాత్రిదాకా కండకి దొరికేది చాలా తక్కువ. ఇంకొకటి, నాలా రాత్రి తొమ్మిదిన్నరకి తిని తెల్లారి ఖాళీ కడుపుతో పరిగెత్తేవాడు పరుగయ్యాక గంటన్నర లోపు తినడం మంచిదే. అది ఆ అరగంట గడువు వల్ల కాదు, అప్పటికే పది గంటల పస్తు అయింది కాబట్టి.

రెండో తప్పు ఇంకా నవ్వులాట. ప్రోటీన్ ముందే పడేద్దామని ఒక ఆదివారం నాలుగున్నరకి పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడితో గట్టిగా లాగించి ఐదింటికి 14 కిలోమీటర్లకి బయలుదేరాను. ఆరో కిలోమీటరు దగ్గర పక్కటెముకల కింద కత్తి దిగినట్టయింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర గట్టు దిగి కొబ్బరితోటలోకి పరిగెత్తాల్సొచ్చింది. అది నా జీవితంలోకెల్లా వేగమైన పరుగు. పప్పు, నూనె, నెయ్యి కడుపులోంచి కదలడానికి సమయం తీసుకుంటాయి. పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకి పోతుంది, కడుపు పని మందగిస్తుంది. అందుకని పరుగుకి ముందు తేలిగ్గా అరిగే పిండిపదార్థం చాలు, ప్రోటీన్ తర్వాత. నాకు సరిపోయింది ఒక చక్రకేళి, సగం గ్లాసు కాఫీ. రావులపాలెం వైపు నుంచి గెలలొస్తాయి కాబట్టి మాకు ఏడాది పొడవునా అరటిపండుకి లోటు లేదు. పెద్ద పరుగు ఉంటే రెండు పళ్లు. గంటన్నర దాటే పరుగైతే అర లీటరు నీళ్లలో 30 గ్రాముల బెల్లం, నిమ్మకాయ, చిటికెడు ఉప్పు కలిపి మా తమ్ముడి చేతికిచ్చి లాకుల దగ్గర నిలబడమనేవాణ్ణి. కొబ్బరినీళ్లుండగా ఇదెందుకని వాడి గోల. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ, మా ఉక్కకి చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. ఆ ఉప్పు బయటినుంచి వేసుకోవాల్సిందే.

మూడో తప్పు అన్నం మానేయడం. ఒకటి పెంచితే ఒకటి తగ్గించాలి కదా అని రెండు వారాలు గుడ్లు, చేపలే తిన్నాను, అన్నం గరిటెడు. 16 కిలోమీటర్ల పరుగులో పన్నెండో దగ్గర కాళ్లు కరెంటు పోయిన ఏరియేటర్‌లా ఆగిపోయాయి. డీఓ పడిపోయిన రొయ్య నీటి మీదకొచ్చి తేలినట్టు నేను గట్టు మీద తేలాను. కండకి రిపేరు సామాను ప్రోటీనైతే డీజిలు అన్నమే. మార్టేరులో పుట్టిన స్వర్ణ రకాన్ని తిని పెరిగిన ఒళ్లు, దాన్ని కాదని ఎక్కడికి పోతుంది? ఆ రాత్రే మళ్లీ కంచం నింపాను.

సెప్టెంబరులో మాస్టారూ నేనూ కూర్చుని అసలు పట్టిక వేశాం. ముందు కిడ్నీల గొడవ తేల్చుకోమన్నారు. నాన్న షుగరు మనిషి, నాకూ గీత దగ్గరుంది, ఊళ్లో ప్రతివాడూ "గుడ్లు ఎక్కువైతే కిడ్నీలు పోతాయి" అనేవాడే. క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టరుగారికి చూపించాను. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఈ మోతాదుతో భయం లేదన్నారు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి మాత్రం కథ వేరు, వాళ్లు డాక్టరు చెప్పిన లెక్కే తినాలన్నారు. "మీ నాన్నగారికి మీ పట్టిక పెట్టకండి" అని గట్టిగా హెచ్చరించారు కూడా. అది మంచిదైంది, ఎందుకంటే అప్పటికే నాన్న నా గుడ్లవైపు చూస్తున్నాడు.

తూకం దగ్గర ఇంట్లో చిన్న యుద్ధం. చెరువులో శాంప్లింగ్‌కి వాడే కాటా ఉంది కదా అని వంటింట్లోకి తెచ్చాను. మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆపేసింది. "ఏవండీ, ఆ నీచు కాటా మీద కందిపప్పు తూస్తారా? ఇంకొకటి కొనుక్కురండి, లేదా నా గరిటెతోనే కొలుచుకోండి." కొన్నాను. మొదటి నెల తూచాను. తర్వాత అక్కర్లేకపోయింది, మేత డబ్బాతో అంచనాగా వేయడం అలవాటైన చెయ్యి కందిపప్పుకీ అలవాటుపడింది.

పొద్దున పరుగున్న రోజుల లెక్క ఇలా తేలింది. నాలుగుంపావుకి అరటిపండు, కాఫీ. పరుగు. ఏడుంపావుకి రెండు పెసరట్లు, రెండు గుడ్లు. పెసలు 60 గ్రాములకి 14, గుడ్లకి 12, అంటే 26 గ్రాములు. ఒంటిగంటకి అన్నం, పప్పు, గడ్డపెరుగు. ఇక్కడే అసలు మార్పు. ఇన్నాళ్లూ నేను పప్పుచారు పోసుకుని పప్పు తిన్నాననుకుంటున్నాను. పప్పుచారులో పప్పు ఈదుకుంటూ వెతుక్కోవాలి. 40 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పు వేసుకుంటే 9, అన్నానికి 10, పెరుగుకి 5, మొత్తం 24. అన్నంలో తక్కువుండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువుండే మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. రొయ్య మేతలో సోయా పిండి ఎక్కువైతే కంపెనీవాళ్లు మెథియోనిన్ విడిగా కలుపుతారని నాకు తెలుసు. ముద్దపప్పు అన్నంలో మా అమ్మమ్మ కలిపిందీ అదేనని మాత్రం అప్పుడే తెలిసింది. సాయంత్రం బజ్జీ బదులు గుప్పెడు వేరుశనగలో ఉడికించిన శనగలో, ఒక గ్లాసు పాలు, కలిపి 15. ఎనిమిదిన్నరకి చేపో కోడో నాలుగైదు ముక్కలతో అన్నం, 36. పడుకునేముందు ఇంకో గ్లాసు పాలు, 6 పైన. పాలలో ఉండే కేసీన్ నిదానంగా అరుగుతుంది కాబట్టి రాత్రి పస్తుకి అది తోడు. కూడితే 107 పైచిలుకు. నా బరువుకి కేజీకి ఒకటిన్నర దాటింది. దీనికోసం నేను కొత్తగా కొన్నది గుడ్లు, పెసలు, శనగలు, అంతే. గుడ్డు సంగతి చెప్పక్కర్లేదు, తణుకు వైపంతా కోళ్ల ఫారాలే.

రాత్రి డ్యూటీ రోజులు మాత్రం విడిగా ఆలోచించాల్సొచ్చింది. తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు కరెంటు పోతే జనరేటరు వేసేవాడు లేకపోతే పంట పోయినట్టే. తమ్ముడూ నేనూ రోజు విడిచి రోజు కాపలా. మొదట్లో రాత్రంతా మేలుకుని ఐదున్నరకి అక్కడినుంచే పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఆ రోజుల్లో పరుగు సాయంత్రానికి మార్చాను. తొమ్మిదింటికి టిఫిను, నిద్ర, రెండింటికి భోజనం, నాలుగున్నరకి అరటిపండు, ఐదున్నరకి గట్టు, ఏడున్నరకల్లా చేపల కూర. మధ్యాహ్నం భోజనానికీ పరుగుకీ మూడు గంటల పైన ఎడం ఉంటే కడుపు గొడవ చేయదు. ఒకటి గమనించాను, ప్రోటీన్ ఎంత సరిచేసినా నిద్ర తక్కువైన వారం పరుగు బరువుగానే ఉండేది.

ఇక మర్యాదల సంగతి. గోదావరి జిల్లాల్లో పరుగు సాధన చేసేవాడికి అసలు శత్రువు చుట్టరికం. "ఆయ్, ఇంకొక్క బూరె వేసుకోండి, మేం పరాయివాళ్లమా?" అంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు మనిషే కాదు. ఆశ్వయుజంలో ఒక పెళ్లికెళ్తే పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ, సాంబారు, పెరుగు. అన్నీ కలిపి చూసుకుంటే పెరుగే దిక్కు. ఆత్రేయపురం పూతరేకులో ప్రోటీన్ కోసం చిత్తశుద్ధితో వెతికాను, రెండు తిన్నాక కూడా దొరకలేదు. అలాంటి రోజుల్లో పొద్దున మూడు గుడ్లు తినేసి వెళ్లడం, అక్కడ సంతోషంగా తినడం. ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనిపించలేదు.

పట్టిక బాగా నడుస్తుండగా కార్తీకం వచ్చింది. సరిగ్గా నా పరుగులు పెద్దవయ్యే నెల. మా అమ్మకి కార్తీకమంటే నెలంతా గుడ్డు కూడా గుమ్మం దాటకూడదు. సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉపవాసం. ఆ సాయంత్రాలు గునుపూడి సోమేశ్వరస్వామి గుడి దగ్గర భీమవరమంతా అక్కడే ఉన్నట్టుంటుంది. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా కనిపిస్తాడంటారు ఆ స్వామి. చెరువులో రొయ్యకీ, గుళ్లో శివుడికీ చంద్రుడే కేలెండరు, మా ఇల్లు ఆ రెంటి మధ్యలో నడుస్తుంది. అమ్మని బతిమాలే ప్రసక్తే లేదు. "నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో కార్తీకం తప్పలేదురా. నీ పరుగు కోసం తప్పుతుందా?" అంది. తప్పలేదు.

అప్పుడు పనికొచ్చింది మీల్ మేకర్. పొడి సోయా ముక్కలు 50 గ్రాములకి 26 గ్రాముల ప్రోటీన్. మా ఆవిడ వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు పిండి, టమాటాతో కూర చేసింది. చూసిన అమ్మకి అనుమానం. "ఇది మాంసంలా ఉందేంటే?" సోయాచిక్కుడు గింజే అత్తయ్యా అని నచ్చచెప్పినా, ఆ గిన్నె దేవుడి గది వైపు తేవద్దని ఆర్డరేసింది. పొద్దున పెసరట్లు మూడయ్యాయి. సాయంత్రం శనగలతో పాటు పనీరు ముక్కలు. ఇంకా తగ్గిన రోజు ఆ పాత డబ్బా పొడి ఒక్క స్పూను, ఈసారి నిదానంగా, ఇంట్లో కూర్చుని. పొడికి నేను వ్యతిరేకిని కాదు, చెంచాలో 24 గ్రాములుంటే అది ఒక సౌకర్యం. కానీ దాన్ని మందులా చూసినన్నాళ్లూ కంచం వైపు చూడలేదు, అదీ నా బాధ.

నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసొచ్చి అమ్మ ప్రసాదం పెట్టింది. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. వడపప్పంటే నానబెట్టిన పెసరపప్పేగా! చిమ్మిలిలో నువ్వులు. రెండో దోసిలి అడిగితే అమ్మ మురిసిపోయింది, వీడికి భక్తి కుదిరిందని. నేను నోరు మెదపలేదు.

సోమవారాలు మాత్రం ఏం చేసినా 60 దాటలేదు. పగలు పాలు, పళ్లు, నక్షత్రం చూశాక భోజనం. ఆదివారం పెద్ద పరుగు కాబట్టి ఆ రాత్రి గట్టిగా తిని సోమవారం పూర్తి విశ్రాంతి పెట్టుకున్నాను. కంగారుపడి మాస్టారిని అడిగితే, "మబ్బు రోజున మేత తగ్గిస్తావు కదా, పంట పోయిందా? వారం సగటు చూసుకో" అన్నారు. చూసుకుంటే సగటు 95 దగ్గర తేలింది. బరువు తగ్గలేదు.

డిసెంబరుకి 69 కేజీలు. నడుము కొలత జూన్‌లో ఉన్నంతే, తొడలు వెనక్కొచ్చాయి. జిమ్ములో 40 కేజీల బరువుతో గుంజీలు తీసేవాణ్ణి 60కి వచ్చాను. మధ్యాహ్నపు మత్తు పోయింది. ఇదంతా ప్రోటీన్ మహిమేనని ప్రమాణం చేయలేను. నిద్ర సర్దుకుంది, అన్నం మళ్లీ వచ్చింది, నాలుగు నెలల సాధన కలిసొచ్చింది.

విశాఖలో పరుగు రోజున మూడుంపావుకి లేచి రెండు అరటిపళ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు తిన్నాను. గుడ్డు ముట్టుకోలేదు, కొబ్బరితోట జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. బీచ్ రోడ్డు చూడ్డానికి చదునుగానే అనిపిస్తుంది. బల్లపరుపు నేల మీద పెరిగిన కాళ్లకి మాత్రం దాని ఎత్తులన్నీ తెలుస్తాయి. పదిహేడో కిలోమీటరు దగ్గర పిక్కలు లాగాయి, బెల్లం నీళ్లు తాగి కాస్త నడిచి మళ్లీ అందుకున్నాను. రెండు గంటల 14 నిమిషాలు. రెండు గంటల లోపు అనుకున్నాను, కాలేదు. గంట తర్వాత లాడ్జిలో ఇంటినుంచి ఉడికించి తెచ్చుకున్న గుడ్లు మూడు, కింద హోటల్లో ఇడ్లీ నాలుగు. వాచీ చూసుకోలేదు.

సంక్రాంతికి మావయ్య వచ్చాడు. ఆయన పుంజు పట్టిక, నా పట్టిక పక్కపక్కన పెట్టి చూశాడు. పుంజుకన్నా నాకు గుడ్డొకటి ఎక్కువని తేలితే గర్వపడ్డాడు, మేనల్లుణ్ణి తనే మేపినట్టు. భోగి, పండగ రెండ్రోజులూ అరిసెలు, సున్నుండలు, పొంగలి. పుస్తకంలో ఆ పేజీలు ఖాళీ. కనుమ నాడు మినుము తినాలంటూ అమ్మ గారెలు వేసింది, నాటుకోడి పులుసు కూడా. మినప్పప్పులో వందకి 24 గ్రాములు అని మొదలెట్టాను, మా ఆవిడ నా చేతిలోంచి పెన్ను లాగేసింది. మర్నాడు చూసుకుంటే ఆ పేజీలో ఆమె చేతిరాతతో ఒక్క లైను ఉంది: "గారెలు, కోడి. ట్రేలో ఏమీ మిగల్లేదు."